ఉప్పుమడుల ఇంగ్లీషు

గది తలుపు మళ్ళీ కిర్రుమంది. రికార్డిస్టు తల పట్టుకుంది.

వడ్రంగికి కబురుపెట్టి నాలుగు రోజులైంది. మనిషి అయిపూ అజా లేదు.

ఊరూరి ఇంగ్లీషు యాసల్ని రికార్డు చేసి దాచే ఆఫీసు అది. రేవువాళ్ళది, కొండవాళ్ళది, గనులవాళ్ళది అన్నీ అలమరల్లో ఉన్నాయి. ఉప్పుమడుల ఇంగ్లీషు ఒక్కటే లేదు. మడులు మూతపడ్డాక అక్కడి జనం చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు.

అది ఆమె అమ్మమ్మ ఇంగ్లీషు.

చిన్నప్పుడు బడి గేటు దగ్గర అమ్మమ్మ నోరు విప్పితే ఆమెకు తల కొట్టేసినట్టయ్యేది. "ఇక్కడ మాట్లాడకు అమ్మమ్మా" అంది ఒకరోజు. ఆ తర్వాత అమ్మమ్మ గేటు దగ్గర చేత్తోనే పిలిచేది.

ఇప్పుడు అమ్మమ్మ లేదు. ఎంత తంటాలు పడినా ఆ యాస నోటికి రాదు. చచ్చేలోగా ఒక్కసారి వింటే చాలనిపిస్తుంది.

పేపర్లో ప్రకటన వేయించింది. నెల తిరిగాక ఒకే ఒక్క కార్డు వచ్చింది. మంగళవారం పొద్దున వస్తానని ఉంది, అడ్రసు లేదు.

ఇవాళే మంగళవారం.

తొమ్మిదింటికి ఒక పెద్దాయన తలుపు తోశాడు. కిర్రుమనగానే ఉలిక్కిపడి మడతబందుల వైపు చూశాడు.

పక్క గదిలో రికార్డింగు నడుస్తోంది. ఆయన ఏదో చెప్పబోయేసరికి ఆమె పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ఇప్పటికి తీరిందా మీకు? ముందు ఈ తలుపు సంగతి చూడండి" అంది గుసగుసగా.

ఆయన బిత్తరపోయాడు. చేతిలో పనిముట్లు కూడా లేవు. వట్టి చేతులతో వచ్చే వడ్రంగిని ఇక్కడే చూశాననుకుంటూ ఆమె ఆఫీసు స్క్రూడ్రైవరు, నూనె డబ్బా తెచ్చి ఇచ్చింది.

కాదనడం చేతకాని మనిషి. కిక్కురుమనకుండా మరలు బిగించి, నూనె వేసి, అరగంటలో తలుపు నోరు మూయించాడు.

తర్వాత కూడా అక్కడే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఇక వెళ్ళండి బాబాయ్. చాలా ముఖ్యమైన మనిషి వస్తున్నారు నాకోసం" అంది ఆమె, నాజూకైన ఇంగ్లీషులో.

ఆయన తలూపి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

మైకు ముందు కుర్చీ సర్ది, గ్లాసుతో నీళ్ళు పెట్టి సాయంత్రం దాకా కూర్చుంది. ఎవరూ రాలేదు. ఇంటికి పోతూ దారిలో ఏడ్చింది.

మర్నాడు సంచీ భుజాన వేసుకుని ఒకతను వచ్చాడు.

"ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. తలుపు బాగుచెయ్యాలని కబురుపెట్టారట. ఏ తలుపండీ?"

ఆమె నిన్న బాగైన తలుపు వైపు చూసింది. మెట్లు దిగి వాచ్‌మన్ దగ్గరికి పరుగెత్తి రిజిస్టరు లాక్కుంది.

నిన్న తొమ్మిదింటికి వచ్చింది ఒక్కరే. ఫోన్ నంబరు గడి ఖాళీగా ఉంది. వచ్చిన పని అన్నచోట వణికే పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: "మా ఉప్పుమడుల మాట వినిపించడానికి."