డిగ్రీ లేకుండా వచ్చిన పిల్ల

శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా బ్రెన్నా ఫోన్ చేసి చెప్పాలి, ఫార్మసీ కాలేజీలో సీటు తీసుకుంటుందో, వదులుకుంటుందో. నాలుగూ ఇరవైకి ఆమె మా ఊరి మందుల షాపులో నిలబడి ఉంది.

వచ్చింది అమ్మమ్మ మందు కోసం. మాటల్లో నోరు జారి సీటు సంగతి డర్క్ వాండర్లిన్ ముందు అనేసింది. డర్క్‌ని సలహా అడగడమంటే, మనమెంత తక్కువవాళ్లమో ఆయన చేత వివరంగా చెప్పించుకోవడమే.

ఊళ్లో చిన్నా పెద్దా ఆయన్ని డాక్టరుకి బదులు పొట్టిగా డాక్ అంటారు. వాళ్ల నాన్ననీ అలాగే అనేవారు. షాపుతో పాటు ఆ పిలుపు కూడా కొడుక్కి ఊరికే వచ్చేసింది. ఇస్త్రీ నలగని తెల్లకోటు తొడుక్కుని గల్లా దగ్గర నిలబడతాడు. వెనక బల్ల దగ్గర ఆయన భార్య జానెల్, మోచేతుల దగ్గర ఉండలు కట్టిన బూడిదరంగు స్వెటర్‌లో, మాత్రలు ఐదేసి చొప్పున లెక్కపెట్టి సీసాల్లోకి తోస్తుంటుంది. వచ్చినవాళ్లంతా డాక్‌ని పలకరిస్తారు. జానెల్‌ని పలకరించాలని ఎవరికీ తోచదు.

"బ్యాచిలర్స్ పూర్తి కాకుండానే?" డర్క్ మూతి విరిచాడు. "ఈమధ్య ఎవర్ని పడితే వాళ్లని తీసుకుంటున్నారన్నమాట."

బ్రెన్నా తడబడుతూ చెప్పుకొచ్చింది. కావలసిన కెమిస్ట్రీ, బయాలజీ రెండేళ్లలోనే అయిపోయాయి. కాలేజీవాళ్లకి అవి చాలు. డిగ్రీ పూర్తి చేయాలంటే ఇంకో రెండేళ్లు. అప్పటిదాకా ఈ సీటు ఉండదు. మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఇంటర్వ్యూ, వస్తుందో రాదో. ఆమెకి వెళ్లాలనే ఉంది. మూడు వారాలుగా ఆ ఉత్తరం సంచిలోనే పెట్టుకు తిరుగుతోంది. కానీ మధ్యలో తప్పితే చేతిలో ఏ పట్టా ఉండదు. అదొక్కటే భయం.

డర్క్‌కి కావలసింది ఆ భయమే. వెనక గోడమీది పెద్ద చట్రం వైపు బొటనవేలు చూపించాడు. అది ఆయనగారి బయాలజీ పట్టా. నాలుగేళ్లూ నిండుగా చదివి తెచ్చుకున్నదట. ఆ తర్వాతే ఫార్మసీ కాలేజీ గడప తొక్కాడట. మనిషికి పునాది అంటూ ఒకటి ఉండాలట. ఆ పట్టా కథ వినకుండా మా ఊళ్లో దగ్గుమందు కొన్నవాడు లేడు.

"మా క్లాసులోకీ నీలాంటిదే ఒకతి వచ్చింది," అన్నాడు. "రెండేళ్లు చదివి ఊడిపడింది. పందులు పెంచేవాళ్ల పిల్ల. వాళ్ల నాన్న ట్రక్కులో తెచ్చి దింపేవాడు. మేమంతా పట్టాలున్నవాళ్లం. ఈవిడగారు ముందు వరసలో కూర్చుని, ప్రొఫెసరు దగ్గినా రాసుకునేది."

"మీరేమనేవాళ్లు?"

"ఏమంటాం? ముక్కు మూసుకుని పక్కకి జరిగేవాళ్లం."

వెనక బల్ల దగ్గర లెక్క ఆగింది.

"ఆ అమ్మాయిని ఆలోచించుకోనీ డర్క్," అంది జానెల్.

"నువ్వు నీ మాత్రలు చూసుకో," అన్నాడు, తల తిప్పకుండానే. లెక్క మళ్లీ మొదలైంది.

చివరికి ఆ అమ్మాయి ఏమైందని బ్రెన్నా అడిగింది.

"ఏమవుతుంది? ఇలాంటి మారుమూల ఊళ్లోనే పడి ఉంది. ఒక సరదా లేదు, ఒక ముచ్చట లేదు. అదీ ఒక చదువేనా? నా మాట విను. డిగ్రీ అయ్యాకే వెళ్లు. లేదంటే రెంటికీ చెడతావు. గల్లా దగ్గర నిలబడటానికి తప్ప ఎందుకూ పనికిరావు."

బ్రెన్నా మొహం మాడిపోయింది. ఒళ్లు మండే సంగతేమిటంటే, ఇరవై ఏళ్లవాళ్లకి ఇలాంటివాళ్ల మాటే తలకెక్కుతుంది. చెప్పేవాడి గొంతు పెద్దదైతే చాలు, లోపలేముందో చూడరు. ఊళ్లో పెద్దవాళ్లే చూడరు, ఈ పిల్లననడమెందుకు.

నాలుగూ నలభైకి ఆమె ఫోన్ తీసి కాలేజీ నంబరు నొక్కింది. సీటు వద్దని చెప్పడానికే. లైన్లో ఉండమంది రికార్డు చేసిన గొంతు. ఆ తర్వాత సంగీతం మొదలైంది. డర్క్ పెద్దమనిషి తరహాలో తలాడించి, ఒక పిల్లని దారిలో పెట్టానన్న తృప్తితో అమ్మమ్మ మందు సంచిలో వేశాడు.

అది కొలెస్ట్రాల్‌కి కొత్తగా రాసిన మాత్ర. కొత్త మందు ఇచ్చేటప్పుడు ఒక ప్రశ్న అడిగి తీరాలని రూలు. డర్క్ దాన్ని ఎప్పుడూ గొంతులోనే గొణిగేస్తాడు. జనం కూడా ఏమీ లేదని చెయ్యూపి వెళ్లిపోతారు.

"ఫార్మసిస్టుని ఏమైనా అడగాలా?" అని గొణిగాడు.

"అడగాలి," అంది బ్రెన్నా, ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని. "అమ్మమ్మ రోజూ పొద్దున్నే గ్రేప్‌ఫ్రూట్ రసం తాగుతుంది. ఈ మాత్ర వేసుకుంటూ తాగొచ్చా?"

ఆ మాటకి జవాబు చెప్పే లైసెన్సు షాపులో ఒక్కరికే ఉంది కాబట్టి, ఫార్మసీ కాలేజీ నుంచి మొదటి ఏడాదే పారిపోయి వచ్చిన డర్క్ వెనక్కి తిరిగి, రెండేళ్ల చదువుతో వచ్చి నాలుగేళ్లూ నెగ్గిన ఆ పందులవాళ్ల పిల్లని, "జానెల్, నిన్నే అడుగుతోంది," అని పిలిచాడు.