పగటి పందులు

మిరపచేనులో కాయలు తెంపడానికి మోతీబాయి వంగగానే గట్టు మీది పెట్టె సైరన్ మోగించింది. ఆమె ఉలిక్కిపడి నిలబడింది.

ఇంటర్నెట్ లేకున్నా తనంతట తానే అడవిపందిని గుర్తుపట్టి తరిమే ఆ పెట్టెను తయారుచేసింది ఆమె కూతురు, ఇంజనీరు కవిత. అప్పుడే దంతాలపల్లిలో బస్సు దిగి కవిత నేరుగా చేనుకే వచ్చింది.

"యాడీ, పందేది?" అని తల్లిని అడిగింది.

"పంది లేదు బిడ్డా. నేను వంగితే గిట్లనే ఒర్రుతది."

"మరి పోయినసారి పెట్టెలకెళ్లి నేను తీస్కపోయిన మెమరీ కార్డుల పగటి పందులే మస్తుగున్నయి గద?"

"గవన్ని నేనే కావచ్చు."

కవిత పెట్టెలోని కెమెరా వైపు చూసింది. చిన్న చిప్‌లో ఇమడాలని, బ్యాటరీ ఎక్కువ రోజులు రావాలని అది తీసే బొమ్మను బాగా కుదించింది తనే. అంత చిన్న బొమ్మలో వంగిన మనిషైనా, పందైనా ఒకటే నల్లటి ముద్ద. పెట్టె బాగా పనిచేస్తోందని ఆ పందులను చూపించి, ఆఫీసులో చప్పట్లు కొట్టించుకుంది.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చేసిందాయె. నలుగుర్ల నీ పేరు ఖరాబు చేసుడెందుకని."

మోతీబాయి నడుము నిటారుగా పెట్టి, మోకాళ్ల మీద జరుగుతూ కాయలు తెంపసాగింది. పెట్టె మోగలేదు.

"చూసినవా? గిట్లయితే నన్ను మనిషే అనుకుంటది."