ప్లగ్గత్త

“గ్రాఫిక్స్ కార్డు తీసేసి యూపీఎస్ రాయండి,” అంది అక్క, కౌంటరు మీద అరచేత్తో కొట్టి.

“యూపీఎస్ తీసేసి గ్రాఫిక్స్ కార్డు రాయండి,” అన్నాడు తమ్ముడు, అదే కౌంటరు మీద ఇంకాస్త గట్టిగా కొట్టి.

కంప్యూటర్ సామాన్ల షాపతను కలం పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చేతిలోని కాగితం మీద అప్పటికే ఆరు కొట్టివేతలున్నాయి. అక్క ఒక హైస్కూలుకి హెడ్మిస్ట్రెస్. తమ్ముడికి మందుల షాపుంది. ముందు జుట్టంతా ఊడింది గానీ బుద్ధి మాత్రం పదేళ్ల దగ్గరే మకాం పెట్టింది.

“అసలు ఈ కంప్యూటర్ దేనికి మేడమ్?”

“చిన్నప్పుడు టీవీకి తగిలించుకుని ఆడేవాళ్లం చూడండి, గేమ్ డబ్బా. అందులో ఇద్దరు కొట్టుకునే ఆట ఒకటుండేది. మళ్లీ అదే ఆడాలి. కంప్యూటరే ఆ పాత డబ్బాలా నటిస్తుందట కదా?”

“ఎమ్యులేటర్ అంటారు. దానికి గ్రాఫిక్స్ కార్డు దండగ మేడమ్, ప్రాసెసర్లో ఉన్నదే బోలెడు. కాకపోతే ఇంకొంచెం వేసుకుంటే...”

బజారంతా ఈ మనిషిని ‘ఇంకొంచెం’ అనే పిలుస్తారు. మౌసు కోసం వచ్చినవాణ్ణి ల్యాప్‌టాప్ చంకన పెట్టి పంపించిన ఘనుడు.

“ఇంకొంచెమూ లేదు, ఇంకాస్తా లేదు. చెరిసగం వేసుకున్నాం, చిల్లిగవ్వ పెరగదు,” అంది అక్క. “ఓడిపోయాక వీడు సాకులు చెప్పకూడదు. నాకు కావలసింది అంతే. ప్రాసెసర్?”

“సెకండ్‌హ్యాండే గానీ గట్టిది. ఆట ఎక్కడా ముక్కదు, మూలగదు.”

“ఒక సాకు పోయింది. జాయ్‌స్టిక్కులు?”

“వైర్‌లెస్ అయితే...”

“వైరున్నవే ఇవ్వండి. లేకపోతే ‘నేను నొక్కాను, అది వినలేదు’ అంటాడు. రెండూ ఒకే రకం, ఒకే రంగు.”

“రంగుదేముంది మేడమ్?”

“‘ఎర్రది నువ్వు తీసుకున్నావ్’ అంటాడు.”

“ఎర్రదెప్పుడూ తనే తీసుకునేది,” అని గొణిగాడు తమ్ముడు.

“సరే, ర్యామ్ ఎనిమిది జీబీ చాలు. మరి యూపీఎస్ ఎందుకండీ?” షాపతను అడక్కూడని మాట అడిగాడు.

అక్క మొహం కందగడ్డయింది. తమ్ముడు దీనికోసమే కాచుక్కూచున్నాడు.

“నేను చెప్తా సార్. పాతికేళ్ల కిందట, చివరి రౌండు. ఇంకొక్క గుద్దు పడితే ఈవిడ ఔటు. టీవీ టప్పున ఆగిపోయింది. ప్లగ్గేమో ఈవిడ కాలి దగ్గరే ఉంది!”

“కరెంటు పోయిందిరా!”

“పక్కింట్లో రేడియో మోగుతూనే ఉంది!”

“అమ్మనడుగు!”

“ఎన్నిసార్లడగాలి? వంటింట్లో ఉన్నాను, నాకేం తెలీదంటుంది.”

అక్క షాపతని వైపు తిరిగింది. “చూడండి, పరీక్షల్లో కాపీ కొట్టే పిల్లల్ని పట్టుకునేదాన్ని నేను. వీడి కూతురు నన్ను ప్లగ్గత్త అంటుంది. మొన్న మా స్కూలుకొచ్చి, స్టాఫంతా ఉండగా ‘ప్లగ్గత్తా’ అని కేకేసింది. ఆ మర్నాటి నుంచి పదో తరగతి బోర్డు మీద రోజూ ప్లగ్గు బొమ్మే. నేను ఏ తప్పూ చెయ్యలేదండీ. కరెంటు పోయినా ఆట ఆగని చోట వీణ్ణి ఓడించి ఆ పేరు వదిలించుకోవాలి.”

“గెలిస్తే ఆ పేరు ఇక మా ఇంట్లో వినపడదు,” అన్నాడు తమ్ముడు. “ఓడితే మాత్రం నేనూ, మా ఆవిడా కూడా అలాగే పిలుస్తాం. తర్వాత ఏడవకూడదు.”

షాపతను గ్రాఫిక్స్ కార్డు కొట్టేసి యూపీఎస్ రాశాడు. ‘ఇంకొంచెం’ అనలేదు. పాపం, మనసున్న మనిషే.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడింట్లో యుద్ధం మొదలైంది. కంప్యూటరూ, మానిటరూ రెండూ యూపీఎస్‌కే తగిలించారు. పాతికేళ్లుగా చేతులు మర్చిపోయినా నోళ్లు మర్చిపోలేదు. వీధి చివరి దాకా వినిపించేలా తిట్టుకుంటూ చెరో రౌండూ గెలిచారు.

“భోజనం చల్లారిపోతోంది, రండర్రా!” అని లోపల్నుంచి అమ్మ కేకేసింది.

“ఒక్క నిమిషం!” అన్నారిద్దరూ. అది నాలుగో ఒక్క నిమిషం.

మూడో రౌండులో అక్క బొమ్మ తూలిపోతోంది. ఇంకొక్క గుద్దు చాలు. తమ్ముడు పళ్లు బిగించి వేలెత్తాడు.

యూపీఎస్ కీచుమంది. కరెంటు పోయింది.

“మళ్లీనా! ప్లగ్గు పీకేసింది!” తమ్ముడు జాయ్‌స్టిక్కు విసిరేసి బల్ల కింద దూరాడు. ప్లగ్గు బుద్ధిగా గోడకే ఉంది. తలెత్తి చూస్తే అక్క కాళ్లు రెండూ కుర్చీలో మఠం వేసుకుని ఉన్నాయి. పక్కింట్లో మిక్సీ గరగరలాడుతూనే ఉంది.

ఈలోగా పైన ఆట ఆగలేదు. దిక్కులేకుండా నిలబడ్డ తమ్ముడి బొమ్మని అక్క తనివితీరా గుద్ది నేల కరిపించింది.

“మోసం! నేను బల్ల కిందున్నాను!” తమ్ముడు పైకి లేస్తూ బల్లకి తల కొట్టుకున్నాడు. “కరెంటు ఎలా పోయిందో చెప్పు ముందు! ఎవరు చేశారిది?”

మీటరు బోర్డు దగ్గర్నుంచి అమ్మ గొంతు విసుగ్గా వినిపించింది.

“ఇదెక్కడి గోలే, మెయిన్ ఆపేసినా ఆడుతూనే ఉంది! మీ చిన్నప్పటి డబ్బానే నయం, ఒక్క దెబ్బకి ఆగి ఊరుకునేది!”