రెండో శనివారం రిపేరు

గంగాధరం రెండు బస్సులు మారి వచ్చాడు. పాత పంచెలో మూటగట్టిన సీపీయూని అంగడి బల్ల మీద మెల్లగా దించాడు.

"నిన్నటి నుంచి దీని తీరు మారిపోయిందమ్మా. సోమవారం సాయంత్రానికి దీన్లోంచి ఒక జాబితా పోవాల. కాస్త చూడు" అన్నాడు.

నాయుడుపేటలో కంప్యూటర్లు బాగుచేసే అబిగయీలుకు ఇలాంటి మాటలు కొత్త కాదు. వచ్చిన ప్రతివాళ్ళకూ సోమవారమే కావాలి. ఆమె నిట్టూర్చి, స్క్రూడ్రైవర్ అందుకుంది.

గంగాధరం పులికాటు సరస్సు ఒడ్డున ఒక పాలెం మనిషి. చేపలు పట్టే వాళ్ళ ఇంట్లో సర్కారు ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటివాడు. ఆ ఆఫీసులో పనిచేసే కంప్యూటర్ ఇదొక్కటే, దాని ముందు కూర్చునేది అతనొక్కడే. ఇప్పుడు అతని పాలెం జాబితానే అతని చేతికి వచ్చింది. ఎనభైనాలుగు ఇళ్ళు. ఏ ఇల్లు ఎవరిది, ఎంత స్థలం, ఎందరు మనుషులు, అన్నీ ఒకే విడతలో ఎక్కించి పంపాలి. మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే మళ్ళీ మొదటి ఇంటి నుంచే మొదలు.

"ఎన్నాళ్ళ బట్టి ఈ రోగం?" అడిగింది అబిగయీలు.

"మూడు నెల్లుగా. రోజుకు నాలుగైదు తూర్లు. తెర నీలంగా అయిపోయి, ఏందో ఇంగ్లీషులో రాసి ఆరిపొయ్యేది. ఒకరోజు ముప్పయ్యో ఇంటి కాడ, ఒకరోజు డెబ్భయ్యో ఇంటి కాడ. సోమవారం జాబితా పోకుంటే ఉద్యోగం పీకేస్తానన్నాడు ఆఫీసరు."

"పాపం, మీ పాలెం వాళ్ళు దీనికోసరం ఎదురు చూస్తా ఉంటారు కదన్నా."

"చూస్తా ఉండారమ్మా. పొద్దున బస్సెక్కేటప్పుడు కూడా ముగ్గురు అడిగినారు, జాబితా ఏమైందని."

మూత తీసేసరికి లోపలి రేకు మీద పసుపు, కుంకుమ కనిపించాయి. శుక్రవారం శుక్రవారం తానే పెడతానని, దండం పెట్టుకోకుండా ఎప్పుడూ స్విచ్ వెయ్యనని గంగాధరం చెప్పాడు.

"బొట్టు బయట పెట్టుకో అన్నా. లోపల పడితే దానికీ దగ్గొస్తాది."

అతను నవ్వలేదు.

అబిగయీలు స్విచ్ వేసింది. కంప్యూటర్ చక్కగా లేచింది. గంట గడిచినా ఆగలేదు. ఆపి, రెండు ర్యామ్ ముక్కలూ ఊడదీసింది. ఉప్పుగాలికి వాటి అంచులు మసకబారతాయి. పిల్లల పెన్సిల్ రబ్బరుతో అంచులు రుద్ది, ఒక ముక్క ఒక్కటే పెట్టి చూసింది. తర్వాత రెండోది. చివరికి రెండూ పెట్టి, మెమరీ పరీక్ష మొదలుపెట్టింది. తెర మీద అంకెలు పరుగెత్తసాగాయి.

మధ్యాహ్నం ఆమె క్యారియర్ విప్పి, అన్నం తినమంది. శనివారం ఒక్కపొద్దని అతను చేతులు జోడించాడు. ఉదయం నుంచీ కూర్చున్న స్టూలు మీదే కూర్చుని తెర వంక చూస్తున్నాడు. ఫ్యాన్ చప్పుడు కాస్త మారినప్పుడల్లా ముందుకు వంగుతున్నాడు. ఏమీ జరగకపోయేసరికి అలసటగా గోడకు ఆనుకుంటున్నాడు.

"ఇదేనన్నా నా కర్మ. డాక్టరును చూడంగానే నొప్పి తగ్గిపోయినట్టు, నా ముందర ఏ మిషనూ ఆగదు" అంది అబిగయీలు.

అతను స్టూలును ఆమె దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"అమ్మా, మిషన్ తప్పు చేస్తే పాపం ఎవరికి?"

"మెకానిక్‌కే అన్నా. ఎప్పుడైనా మెకానిక్‌కే."

"మీ దేవుడు కూడా అట్నే అంటాడా?"

"రేపు ఆదివారం కదా, అడిగి చెప్తా."

మూడు గంటలకు పరీక్ష ముగిసింది. ఒక్క తప్పు కూడా లేదు. ఆమెకు విసుగొచ్చింది. నిన్న దీన్ని ఇంకెవరైనా ముట్టుకున్నారా అని అడిగింది.

అప్పుడు చెప్పాడు గంగాధరం. నిన్న మధ్యాహ్నం ఆఫీసరు ఎవరో మెకానిక్‌ను పిలిపించి, ఒక ముక్క మార్పించాడట. తీసేసిన ముక్క తన దగ్గరే ఉందట. చొక్కా జేబులోంచి, విభూది పొట్లంలా మడిచిన కాగితం తీశాడు.

"ఈ మాట పొద్దున్నే చెప్పుంటే నాకు ఇంత పని ఉండేది కాదు గదన్నా" అంటూ ఆమె కొత్తది తీసి, పాత ముక్క పెట్టి మళ్ళీ పరీక్ష నడిపింది.

రెండు నిమిషాలు కాలేదు. తెర నిండా తప్పులు చూపే ఎర్రటి గీతలు వచ్చాయి. పరీక్ష ఆపి మామూలుగా నడిపిస్తే తెర నీలంగా మారి, ఆరిపోయింది.

గంగాధరం లేచి నిలబడ్డాడు. "ఇదేనమ్మా. అచ్చం ఇట్నే ఆగేది."

"దొంగ దొరికినాడు" అంది అబిగయీలు. పాత ముక్కను చెత్తడబ్బాలో పడేసింది. కొత్తది పెట్టి, మూత బిగించింది. "కొత్తదానికి ఢోకా లేదు. సోమవారం మధ్యాహ్నానికే పంపించెయ్ నీ జాబితా. ఇంక నిమ్మళంగా ఇంటికి పో అన్నా."

గంగాధరం కదల్లేదు. కాసేపటికి వంగి, చెత్తడబ్బాలోంచి పాత ముక్కను ఏరుకున్నాడు. కండువాతో తుడిచి, ఆమె ముందు పెట్టాడు.

"దీన్నే మళ్ళా పెట్టియ్యమ్మా, సోమవారం ఆ జాబితా పోకుంటేనే మంగళవారం కోర్టు మా మాట వినేదాకా మా ఎనభైనాలుగు ఇళ్ళ మీదికి బుల్డోజర్ రాదు."