పడవ బూట్లు

ఎనిమిదో నంబరు కాలికి పదో నంబరు బూటు తొడిగితే ముక్కు దగ్గర రెండు వేళ్ల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోంచే మూడేళ్లుగా ఫ్యాక్టరీ వెండి బయటికి నడిచిపోతోంది.

రాగి గొట్టాలు అతికే సెక్షన్‌లో అతను పాతకాపు. అతుకు వేసే కడ్డీలో వెండి కలుస్తుంది. రోజూ ఓ వేలెడు ముక్క మిగిల్చి, గుడ్డపేలికలో చుట్టి, బూటు ముక్కులోకి తోసేవాడు. గేటు దగ్గర లోహం పసిగట్టే కమాను ఉంది. ఉంటేనేం? సేఫ్టీ బూటన్నాక వేళ్లు నలక్కుండా లోపల ఇనప టోపీ ఉంటుంది. కాబట్టి ఎవరు దాటినా అది కుయ్యోమంటుంది. రోజుకు నాలుగు వందలసార్లు ఏడ్చేదాని ఏడుపు ఎవడికి పడుతుంది? వాచ్‌మన్ జేబులు తడిమి, పక్క బల్ల మీద పెట్టించిన క్యారియర్ మూత తీసి చూసి, "పద బాబాయ్" అనేవాడు. కాళ్ల వంక చూసిన పాపాన పోలేదు.

ఆ పదో నంబరు ఊరికే రాలేదు. మొదట ఇచ్చింది ఎనిమిదే. అచ్చుగుద్దినట్టు సరిపోయింది. అదే వచ్చిన చిక్కు! ఐదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాడు, ఓ ఆదివారమంతా కూర్చుని అర్జీ రాశాడు. "అయ్యా, తమరిచ్చిన బూట్లు ఇరుకు. పైపెచ్చు మహా బరువు. సాయంత్రానికి మోకాళ్లు పట్టేస్తున్నాయి." సైజు మార్చి ఇచ్చారు. పడవలంతేసి ఆ బూట్లు చూసి తోటివాళ్లు అతనికి ‘పడవ’ అని పేరు పెట్టారు.

బూటు వదులై మడమలు పుళ్లు పడ్డాయి. రోజూ భార్య నూనె రాసేది. అత్తగారు గుమ్మంలో కూర్చుని వీధంతా చాటింపు వేసేది. "మా అల్లుడు కంపెనీ కోసం కాళ్లరగదీసుకుంటున్నాడమ్మా! మనిషి నిప్పు!"

పట్టుబడితే ఉద్యోగం ఊడటం ఒక ఎత్తు. ఆ నిప్పు ఆరిపోయాక ఆవిడ ముందు కూర్చుని అన్నం తినడం ఒక ఎత్తు.

అలాంటిది, ఓ సోమవారం సాయంత్రం కొత్త బూట్లకు కొలతలు తీసుకోవడానికి మనిషొచ్చాడు. నేల మీద కాగితం పరిచి, ఒక్కొక్కరినీ నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీస్తున్నాడు. "కూర్చుంటే కాలు అబద్ధమాడుతుంది. నిలబడితేనే నిజం చెబుతుంది" అంటున్నాడు.

కబురు తెలిసి పడవ మూడు జతల మేజోళ్లు ఎక్కించుకొచ్చాడు.

"ఇదేంటన్నా, ఉల్లిపాయలా ఒలుస్తూనే ఉన్నా, ఎంతకీ కాలు రాదేం?" అన్నాడు కొలతలాయన. అంతా గొల్లుమన్నారు. "ఆఁ, దొరికింది. ఎనిమిది."

"పది" అన్నాడు పడవ.

"కాలు నీదే, కాగితం నాది. ఎనిమిది."

"సాయంత్రానికి నా కాళ్లు పొంగుతాయండీ."

"ఇది సాయంత్రమేగా! అందరి కాళ్లూ పొంగుతాయనే ఈ వేళకొచ్చా. ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉంటే చాలు. నీ మడమలు చూసుకో, వదులు బూటు ఎలా కొరుక్కుతిందో! అంత ఖాళీలో కాపరం పెడతావా ఏం?"

పడవ గబుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు. ఫోర్‌మన్ అడ్డం పడ్డాడు.

"పదే రాసెయ్యండి సార్. లేకపోతే ఇంకో అర్జీ కొడతాడు. అసలీ కొత్త బూట్లు వస్తున్నదే వీడి పాత అర్జీ పుణ్యమా అని. మొన్న పైఆఫీసులో బీరువా దులిపితే బయటపడిందట!"

కూలివాడి గోడు బీరువాలోంచి బయటికి రావడానికి మూడేళ్లంటే తొందరగా వచ్చినట్టే. అంతా చప్పట్లు కొట్టారు. పడవ ఎంతో వినయంగా తల వంచుకున్నాడు.

"సరే, పది. తర్వాత నన్ననకు" అన్నాడు కొలతలాయన. "పాతవాటిలా కాదు, ఇవి దూదిపింజలు. నడుస్తూ నడుస్తూ ఊడిపోయినా నీకు తెలీదు."

గురువారం పొద్దున అందరూ లోపలికి వచ్చాక పాత బూట్లు జమచేసుకుని కొత్తవి ఇచ్చారు. పడవ తొడుక్కుని చూశాడు. ముక్కులో రెండు వేళ్ల ఖాళీ భేషుగ్గా ఉంది. కాళ్లు గాల్లో తేలుతున్నట్టున్నాయి. కొత్త మోజు అనుకున్నాడు. కొలతల గొడవలో మూడు రోజులుగా దాచిన ముక్కలన్నీ కలిపి సాయంత్రం రెండు బూట్లలోకీ సర్దేశాడు.

గేటు దగ్గర వరస కదిలింది. ఒకడు దాటాడు. ఐదుగురు దాటారు. పదిమంది దాటారు. కమాను నోరు మెదపలేదు.

పడవ ముఖం చేటంత అయింది. మిషను చచ్చింది! వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే. ఈ సంగతి ముందే తెలిస్తే జేబుల్లో కూడా నింపుకొచ్చేవాణ్ణి గదా అని మనసు పీకింది. సన్నగా ఈల వేసుకుంటూ కమాను కిందికి అడుగేశాడు.

కుయ్యోమంది.

వెనక్కొచ్చి మళ్లీ దాటాడు. మళ్లీ కుయ్యోమంది. వెనకాల వరసంతా మెడలు సాచింది.

"దీని దుంపతెగా! చెడిపోయినట్టుందిరా అబ్బాయ్" అని నవ్వబోయాడు పడవ.

వాచ్‌మన్ నవ్వలేదు. మూడేళ్లలో మొట్టమొదటిసారి అతని కాళ్ల వంక చూశాడు.

"మిషను బానే ఉంది బాబాయ్. మహా బరువని నువ్వే రాశావటగా, అందుకని ఈసారి బూట్ల ముక్కుల్లో ఇనుము తీసేసి ప్లాస్టిక్ పెట్టించారు."