రేకు సూర్యుడు

గోడ మీది సూర్యుడు పోయిన రోజు, డ్రాయింగ్ టీచరు చేతిసంచి కూడా దించకుండా వెనక సందులోకి వెళ్ళింది.

తన పాప చెప్పింది నిజమే. గోడ బోసిగా ఉంది. స్నానాల గది గోడకు పై భాగాన, తుప్పు పట్టిన జాలీతో గుండ్రటి కన్నం మళ్ళీ కనిపిస్తోంది.

ఆ కన్నం కంటికి బాగాలేదనే కదా దాని మీద సూర్యుణ్ణి బిగించింది!

వెల్డింగ్ చేసే స్నేహితుడు పీపా మూతను సాగగొట్టి చేసిచ్చిన సూర్యుడు. ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది.

ఈ అద్దె ఇంట్లోకి వచ్చి రెండు నెలలు. ఇల్లంతా అలాంటివే. కుండలు చేయడం నేర్చుకుంటున్న స్నేహితురాలు ఇచ్చిన వంకర ముక్కు మట్టి ముఖం వీధిగదిలో ఉంది. పాత సామాన్ల కొట్లో దొరికిన కాళ్ళు లేని కుర్చీ గోడకెక్కి పుస్తకాల అర అయింది. తీగలు తెగిన వయొలిన్‌లోంచి మొక్క తొంగి చూస్తుంది.

"అక్కా, ఇది ఇల్లా, పాత సామాన్ల కొట్టా?" అనేవాడు, వాళ్ళతోనే ఉంటున్న తమ్ముడు.

"కొట్టే అయితే ముందు నిన్ను అమ్మేదాన్ని. ఎవరూ కొనరని ఊరుకున్నా."

సూర్యుడు దూరం పోలేదు. ముఖానికి మట్టి అంటకుండా గోడ వారన నిలబెట్టి ఉన్నాడు. పక్కనే నాలుగు స్క్రూలు, కాగితంలో పొట్లం కట్టి ఉన్నాయి.

దొంగైతే పట్టుకుపోతాడు. పొట్లం కట్టడు. ఆమెకు అందుకే భయం వేసింది.

తమ్ముడు సూర్యుణ్ణి మళ్ళీ బిగించాడు.

రెండు రోజులకు గేటు దగ్గర ఒకాయన నిలబడ్డాడు. భుజాన నిచ్చెన, చొక్కా నిండా సున్నం మరకలు. ఇళ్ళకు రంగులు వేసే మనిషి. ఆ సందులో వెళ్తూ వెళ్తూ తమ గోడ దగ్గర ఆగడం ఆమె అప్పటికే రెండు మూడుసార్లు చూసింది.

"అమ్మా, ఆ రేకు అక్కడ పెట్టకండి."

"మీరేనా తీసింది?"

"నేనే. స్నానాల గదిలో గాలి ఆడదు తల్లీ. లోపల పాప..."

తమ్ముడు మాట పూర్తి కానివ్వలేదు. "మా స్నానాల గది సంగతి నీకెందుకు? లోపల పాప ఉందో ఎవరున్నారో నీకెలా తెలుసు? రోజూ నిలబడి చూస్తున్నావా?"

ఆయన చూపు ఒకసారి సందు వైపు పోయింది. తల దించుకుని వెళ్ళిపోయాడు.

"చూశావా అక్కా, దొరికేసరికి నోరు పడిపోయింది."

ఆ తర్వాత పాప స్నానం చేసి వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "అమ్మా, తల తిరుగుతోంది."

పిల్ల బెదిరిపోయింది, అనుకుంది టీచరు. తలుపుకు లోపల ఇంకో గడియ పెట్టించింది. రెండూ వేసుకోమని మరీ మరీ చెప్పింది.

ఆదివారం పొద్దున పాప స్నానానికి వెళ్ళింది. లోపల గ్యాస్ గీజర్ బుస్సుమని వెలిగింది. టీచరు వంకర ముక్కు మట్టి ముఖానికి దుమ్ము దులుపుతోంది.

వెనక గోడ మీద దబదబ చప్పుడు. ఆ వెంటనే మగ గొంతు.

"పాపా! గడియ తియ్యి! బయటికి వచ్చెయ్యి తల్లీ!"

తమ్ముడు సందులోకి పరుగెత్తాడు.

ఆయన నిచ్చెన మీద ఉన్నాడు. ఈసారి స్క్రూలు విప్పలేదు, పెరికేశాడు. అంచు వంగిన సూర్యుడు నేల మీద పడి ఉన్నాడు. ఆయన నోరు కన్నానికి ఆనించి పిలుస్తున్నాడు.

"పట్టపగలే ఎంత ధైర్యంరా నీకు!"

తమ్ముడు నిచ్చెన లాగేశాడు. ఆయన కింద పడ్డాడు. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి తలో చెయ్యీ వేశారు. ఆయన చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు.

"పాప బయటికి వచ్చిందా?" అని మాత్రం అడిగాడు.

ఆ మాటకు ఇంకో రెండు పడ్డాయి.

లోపల పాప ఎలాగో గడియలు తీసుకుని వచ్చి అమ్మ ఒళ్ళో వాలిపోయింది. ముఖంలో రక్తపు చుక్క లేదు. భయం, అనుకున్నారందరూ.

"ఇంకోసారి ఈ వీధిలో కనిపిస్తే కాళ్ళు విరగ్గొడతాం," అన్నారు. ఆయన కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. నిచ్చెన అక్కడే ఉండిపోయింది.

మర్నాడు నీళ్ళు సరిగా కాగడం లేదని గ్యాస్ మెకానిక్‌ని పిలిచారు. అతను వచ్చేసరికి తమ్ముడు ఆ నిచ్చెనే ఎక్కి, ఈసారి పెద్ద బోల్టులతో సూర్యుణ్ణి బిగించబోతున్నాడు.

"బాబూ, ముందు దిగండి." మెకానిక్ గొంతు మారిపోయింది. "అది మూస్తే గీజర్ పొగ ఎటు పోతుంది? దానికి రంగుండదు, వాసనుండదు. తల తిరుగుతుంది, అంతే. ఆ తర్వాత అది కూడా తెలీదు."

టీచరు పాపను దగ్గరికి లాక్కుంది.

"ఇన్నాళ్ళూ మూసే ఉందా అమ్మా?"

"మధ్యలో... ఒకాయన రెండుసార్లు తీశాడు."

మెకానిక్ నిచ్చెన వైపు చూశాడు. విరిగిన మూడో మెట్టుకు నీలం వైరు చుట్టి ఉంది. దాన్ని వేలితో తడిమాడు.

"ఈ వైరు నేనిచ్చిందే. మా గదుల వరసలోనే ఉండేవాడు. నిన్న సాయంత్రం గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు."

తమ్ముడు బోల్టులు జేబులో వేసుకున్నాడు.

"ఎవరాయన?" అంది టీచరు.

"ఇంటివాళ్ళు చెప్పి ఉండరు. చెబితే అద్దెకు ఎవరు దిగుతారు? మీకంటే ముందు ఈ ఇంట్లో ఉన్నది ఆయనే. ఒక్కతే కూతురు. స్నానం చేస్తుంటే చలిగాలి కొడుతోంది నాన్నా అందని, ఆ కన్నానికి అట్టముక్క అడ్డం పెట్టింది ఆయనే."

సూర్యుడు ఇప్పుడు వీధిగదిలో, గోడ వైపు ముఖం తిప్పి ఉన్నాడు.

నిచ్చెన ఇంకా తిరిగి ఇవ్వలేదు.