బాతుపిల్ల పిలుపు

"మళ్ళీ అక్కడికొచ్చేసరికి ఆపేశారు మేడం!" పవన్‌కుమార్ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పడేశాడు.

అద్దానికి అవతల, పాడే గదిలో, డయానా తల వంచుకుని నిలబడింది. పిల్లల కోసం తీసిన యానిమేషన్ సినిమా అది. కాలవలో కొట్టుకుపోయిన బాతుపిల్ల కథ. పాటల ఆల్బం విడుదల మర్నాడే. పాటలన్నీ అయిపోయాయి. చివరి పాట చివర్లో, తండ్రిబాతు కనపడగానే "నాన్నా! నన్నెత్తుకో" అని బాతుపిల్ల పిలవాలి. ఆ ఒక్క పిలుపు దగ్గరే పొద్దుట్నుంచీ బండి కదలడం లేదు.

గవర్నర్‌పేటలో ఒక లాడ్జీ మేడ మీద రెండు గదుల స్టూడియో పవన్‌కుమార్‌ది. సంగీతం కట్టేదీ అతనే, రికార్డు చేసేదీ అతనే. ఇన్నాళ్ళకి ఒక పెద్ద ఆల్బం చేతికొచ్చింది. అది రెండు మాటల కోసం చేజారిపోతుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. అతనికి కాస్త తొందరగా మండుతుంది, అంతే తేడా.

"ఇటొచ్చి కూర్చోండి. అసలు ప్రాబ్లమేంటో చెప్పండి."

డయానా బయటికొచ్చింది గానీ కూర్చోలేదు. "మా ఆయనకి ఇష్టం లేదండీ."

పవన్‌కుమార్‌కి విషయం అర్థమైపోయింది. అర్థమైపోయిందనుకోవడంలో అతనెప్పుడూ ముందుంటాడు. ఆమె భర్త ఎలీషా పటమటలో చర్చి సంఘ పెద్ద. ఆదివారం ఆరాధనలో పాటలెత్తుకునే భార్య సినిమాలో బాతుపిల్లయి కూస్తుంటే ఆయనకి తల కొట్టేసినట్టుండదూ!

"సినిమా పాటలు పాడితే పాపమంటారా?"

"అబ్బే, అదేం లేదండీ. పామర్రులో ఉన్నప్పుడు నేను పాడ్డానికొస్తే ఆయనే స్కూటర్ మీద తెచ్చి దింపేవారు. ఈ గొంతుతో పాడొద్దంటున్నారు, అంతే."

"పిల్ల గొంతుతో పాడితే పరువు పోద్దా? సినిమాల్లో చిన్నపిల్లల పాటలు ఎక్కువగా పెద్దాళ్ళు పాడేవే కదండీ!"



నిజానికి ఆ గొంతే ఈ ఆల్బానికి ప్రాణం. అంతకుముందు వచ్చిన గాయనులు చిన్నపిల్లలా నటించారు. డయానా నోరు విప్పితే ఐదేళ్ళ పిల్ల వచ్చి మైకు ముందు నిలబడ్డట్టే ఉంటుంది. చరణానికీ చరణానికీ మధ్య చిన్నగా ముక్కు ఎగబీలుస్తుంది కూడా. అది పవన్‌కుమార్ చెప్పింది కాదు. తీసేద్దామనుకుని, విన్నకొద్దీ ముద్దొచ్చి ఉంచేశాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నారని మొదటి రోజే అడిగాడు. "నేర్చుకోలేదండీ, చెవుల్లో ఉండిపోయింది" అంది డయానా.

ఇంతలో హైదరాబాద్ నుంచి నిర్మాత ఫోను. పవన్‌కుమార్ సాయంత్రానికల్లా పంపేస్తానని మాటిచ్చి పెట్టేశాడు.

"విన్నారుగా మేడం. ఆ పిలుపు లేకపోతే పాటే లేదు. అదొక్కటీ ఇంకొకరితో అనిపిద్దామంటే గొంతు కలవదు. ఇక నిర్మాతని గడువు అడుక్కుని అన్ని పాటలూ వేరే ఆవిడతో మళ్ళీ పాడించడమే. మీవి తీసేస్తాను."

డయానా ఒక్కడుగు ముందుకొచ్చింది. "తీసేస్తారా? అన్నీ చెరిపేస్తారా?"

"చెరపక దాచుకుని ఏం చేసుకోను?"

"వద్దండీ, మీకు దణ్ణం పెడతాను. నా పేరు వెయ్యకపోయినా పర్లేదు. ఆ గొంతు మాత్రం ఉంచండి."

పేరు అక్కర్లేదనే గాయనిని పవన్‌కుమార్ చూడటం ఇదే మొదలు. "అయితే మీవారిని రమ్మనండి. నేను మాట్లాడతా."

"ఆయన ఇప్పటిదాకా ఒక్క పాటా వినలేదండీ. నేను ఇంట్లో సాధన మొదలెడితే చెప్పులేసుకుని బయటికెళ్ళిపోతారు."

"ఇవాళ వింటారు. పిలవండి."

ఫోను చేసి, "కాస్త ఆలస్యమవుద్దండీ" అంది డయానా. "ఆయన కాలవ పక్క రోడ్డులో రారు. చుట్టూ తిరిగొస్తారు."

ఎలీషా వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పవన్‌కుమార్ కిటికీలోంచి చూశాడు. స్కూటర్‌కి ముందువైపు 'కృప' అని పెద్దక్షరాలు రాసిన, పసిపిల్లల్ని కూర్చోబెట్టే బుల్లి సీటు, దాని మీద తాడుతో కట్టిన టిఫిన్ క్యారేజీ. వాళ్ళింట్లో పిల్లలెవరూ లేరని అతనికి తెలుసు. సెకండ్ హ్యాండ్ బండి కాబోలు అనుకున్నాడు.

"ఎలీషా గారూ, ఒక్కసారి వినండి. దేవుడికి వ్యతిరేకంగా ఇందులో ఒక్క మాట లేదండీ."

"దేవుడి సంగతి మాట్లాడ్డానికి రాలేదండీ. డయానాని ఇంటికి తీసుకెళ్దామని వచ్చాను."

"అయితే విన్నాకే తీసుకెళ్ళండి."

"వద్దండీ, ఆయనకి వినిపించొద్దు!" అంది డయానా కంగారుగా. అప్పటికే పవన్‌కుమార్ పాట పెట్టేశాడు.

మొదటి మాటకే ఎలీషా గోడ పట్టుకున్నాడు. పాట గంతులేస్తూ సాగుతోంది. మధ్యలో చిన్నగా ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఎలీషా చెయ్యి దానంతటదే జేబులోకి పోయి రుమాలు తీసింది. ముఖం తుడుచుకోలేదాయన. రుమాలు కిందికి చాపి, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

పాట చివరికొచ్చి ఆగింది.

"ఇక్కడేనండీ ఆ పిలుపు" అన్నాడు పవన్‌కుమార్. "మీరు ఊ అంటే చాలు. లేదంటే అన్నీ చెరిపేయాల్సిందే."

ఎలీషా భార్య వంక చూశాడు. ఆమె ఏడుస్తోంది. "లోపలికెళ్ళు డయానా" అన్నాడు మెల్లగా.

ఆమె వెళ్ళి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

"లోపలికి వినపడాలంటే ఏది నొక్కాలండీ?"

"ఆ ఎర్ర బటన్." పవన్‌కుమార్ రికార్డింగ్ ఆన్ చేశాడు. "కోప్పడకండి సార్. భయపడితే ఇంక అసలు పాడలేరు."

ఎలీషా రుమాలు పిడికిట్లో పట్టుకుని, బటన్ నొక్కి, మైకు మీదికి వంగాడు.

"కృపా, నాన్నొచ్చాడమ్మా, పిలువు."